బలిమెల నీళ్ల మీద ఎండాకాలం పడవ ప్రయాణం: మా ప్లాన్ ఎలా తయారైందంటే

ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో ఉండే మా తెలుగువాళ్లకి పెద్ద నీళ్లు అనగానే మూడు పేర్లు గుర్తొస్తాయి: కొలాబ్, జోలాపుట్, బలిమెల. మూడూ మంచినీటి జలాశయాలే, మూడింటి నీళ్లతోనూ కరెంటు తీస్తారు. విజయనగరం నుంచి మా అక్కా బావగారూ పిల్లల్ని తీసుకుని వేసవి సెలవులకి జయపురం వస్తామని ఫోన్ చేసినప్పుడు, ఈసారి అరకు, డుడుమ జలపాతం వద్దు, ఇంజను పడవలో నీళ్ల మీద తిరుగుదాం అన్నారు బావగారు. ఏ నీళ్లు, ఏ పడవ, ఏ వేళ అన్నది తేల్చే పని నా మీద పడింది. ఇలాంటి ప్రయాణం పెట్టుకోవాలనుకునే వాళ్లు ఈ వైపు ఇంకా ఉంటారని, ఏమేం చూసుకున్నామో వివరంగా రాస్తున్నాను.

కొలాబ్ మాకు దగ్గర. కొండల మధ్య విశాలంగా ఉంటుంది, చూడటానికి చాలా అందం. అయితే అది సముద్రమట్టానికి 858 మీటర్ల ఎత్తున నిండే జలాశయం. పీఠభూమి మీద కాబట్టి మధ్యాహ్నానికి గాలి అడ్డూ ఆపూ లేకుండా నీళ్ల మీదకి దిగుతుంది. జోలాపుట్ సగం ఆంధ్రా, సగం ఒడిశా. 1955లో మాచ్‌ఖండ్ కరెంటు మొదలైనప్పటి నుంచీ రెండు రాష్ట్రాలదీ ఉమ్మడి నీరే. అక్కడ ఊళ్ల వాళ్లు అటూ ఇటూ దాటే నాటు పడవలే నాకు కనిపించాయి. పిల్లలతో రెండు పూటలు తిరగడానికి తగిన ఇంజను పడవ దొరకలేదు. మిగిలింది బలిమెల.

నిజానికి బలిమెల వైపు మొగ్గడానికి అసలు కారణం మా అత్తయ్య. ప్రాజెక్టు కడుతున్న రోజుల్లో వాళ్ల నాన్నగారు పార్వతీపురం వైపు నుంచి పనికి వచ్చి బలిమెల ఒడ్డునున్న చిత్రకొండలో ఉండిపోయారు. నీళ్లు నిండక ముందు ఆ లోయ ఎలా ఉండేదో అత్తయ్యకి తెలుసు. పెళ్లయి జయపురం వచ్చాక మళ్లీ ఆ నీళ్ల మీదకి వెళ్లలేదు. వెళ్లే రోజులు కూడా కావవి. 2008 జూన్ 29న ఆ జలాశయంలోనే ఆంధ్రా గ్రేహౌండ్స్ జవాన్ల పడవ మీద మావోయిస్టులు దాడి చేశారు. ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అటు సరదాగా వెళ్దామన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. నీళ్లకి అవతల తెగిపోయిన 151 ఊళ్ల వాళ్లకి మాత్రం వేరే దారి లేదు, పడవే దిక్కు. 2018 జూలై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచాక ఆ ఊళ్లకి రోడ్డు వచ్చింది. ఇప్పుడు అత్తయ్య లాంటివాళ్లు వెళ్లి చూసి రాగలుగుతున్నారు. అందుకే ఈ ప్రయాణం ఎలాగైనా బాగా జరగాలని నేను గట్టిగా పట్టుకున్నాను.

ఎండాకాలంలో జలాశయం మీద తిరగాలంటే మొదటి ప్రశ్న పడవ గురించి వేయకూడదు, నీటి మట్టం గురించి వేయాలి. బలిమెల నిండు మట్టం 1,516 అడుగులు. కరెంటుకి నీళ్లు తీసుకునే కనీస మట్టం 1,440 అడుగులు. ఈ రెండింటి మధ్య డెబ్బై ఆరు అడుగుల తేడా. అక్టోబరులో చూసిన సరస్సూ, మేలో చూసే సరస్సూ ఒకటి కావు. నిండుగా ఉన్నప్పుడు పడవ హాయిగా దాటిపోయే చోట ఎండాకాలంలో ఎర్రమట్టి దిబ్బ తేలుతుంది. రేవు మెట్లు గట్టు మీద ఉండిపోతాయి, నీళ్లు కిందెక్కడో ఉంటాయి. మధ్యలో బురద. అరవై దాటిన మనిషి ఆ బురదలో నడిచి పడవ ఎక్కగలరా అన్నది నా మొదటి టెన్షన్.

నీళ్లు ఎందుకు తగ్గుతాయో తెలుసుకుంటే ఎప్పుడు ఎంత తగ్గుతాయో కొంచెం అంచనా దొరుకుతుంది. జోలాపుట్‌లో వదిలిన నీరు డుడుమ దగ్గరికి వచ్చి, మాచ్‌ఖండ్‌లో కరెంటు ఇచ్చి, కిందికి వచ్చి బలిమెలలో చేరుతుంది. బలిమెల నీటిలో సగం ఒడిశాది, సగం ఆంధ్రాది. ఒడిశా తన వాటా నీటిని బలిమెల పవర్‌హౌస్‌కి పంపి, ఆ తర్వాత పొటేరు కాలువలతో మల్కన్‌గిరి పొలాలకి ఇస్తుంది. ఆంధ్రా వాటా సీలేరు దారిన ఎగువ సీలేరు, డొంకరాయి, మోతుగూడెం మీదుగా కిందికి పోతుంది. గోదావరి డెల్టాలో దాళ్వా (రెండో పంట) వరి ఎండిపోకుండా ఫిబ్రవరి, మార్చిల్లో సీలేరు నీళ్లు అడుగుతారు కదా, అవి ఇక్కడి నుంచి వెళ్లేవే. ఆ మీద ఎండాకాలపు కరెంటు వాడకం. కాబట్టి ఏప్రిల్ వచ్చేసరికి రెండు వైపుల నుంచీ వాడకం పడి మట్టం దిగుతూ పోతుంది. దీని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. భీమవరం వైపు పొలాలకి నీళ్లందితే అంతకన్నా ఏం కావాలి. ఆ సంగతి తెలిసి మన తేదీ మనం చూసుకోవాలి, అంతే.

మట్టం తెలుసుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు. తెలుగు పేపర్ల పాడేరు, సీలేరు వార్తల్లో జోలాపుట్, బలిమెల, డొంకరాయి మట్టాలు అప్పుడప్పుడూ అడుగుల్లో వేస్తారు. ఎవరి వాటా ఎన్ని టీఎంసీలు మిగిలిందో కూడా రాస్తారు. మార్చి నుంచీ అవి కత్తిరించి డైరీలో అంటించుకున్నాను. వారానికి ఎంత దిగుతోందో అలా కంటికి కనిపించింది. ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు ఇంకో మంచి పని చేశాడు. సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాల ఫొటోలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఐదు రోజులకోసారి కొత్త ఫొటో వస్తుంది, పది మీటర్ల వరకు వివరం తెలుస్తుంది. వాడు కిందటేడు మే ఫొటో, అంతకు ముందేడు మే ఫొటో తీసి పక్కపక్కన పెట్టి, తేలిన దిబ్బలకి గుర్తులు పెట్టాడు. ఫోన్‌లో మామూలు మ్యాపు తెరిస్తే నీలంగా ఒకటే నీరు కనిపిస్తుంది. అది ఏ నెలలో తీసిందో మనకి తెలియదు. దాన్ని నమ్ముకుని దారి గీసుకోవడం ప్రమాదం. ఈ రెండు మే ఫొటోలు చూశాక మాత్రం, మేము అనుకున్న మూడు పాయల్లో ఒకటి ఎండాకాలంలో మూసుకుపోతుందని ఇంట్లో కూర్చునే తెలిసింది.

ఫొటోలో కనిపించనిది ఇంకొకటి ఉంది. నీటికి ఒక అడుగు కింద ఉండే చెట్ల మోళ్లు. అడవి మునిగి ఏర్పడిన జలాశయం ఇది. అప్పట్లో నరకగా మిగిలినవి, నరకకుండా మునిగిపోయినవి నీళ్లలో ఇంకా నిలబడే ఉన్నాయి. నిండుగా ఉన్నప్పుడు వాటి పైన ఎన్నో అడుగుల నీరుంటుంది, ఏ గొడవా లేదు. మట్టం దిగేకొద్దీ ప్రొపెల్లర్‌కి అందే ఎత్తుకి వస్తాయి. ఇవి ఏ మ్యాపులోనూ ఉండవు. అక్కడ వల వేసేవాళ్లకే తెలుస్తాయి.

అందుకే నేనూ మా ఆయనా ఏప్రిల్‌లో ఒక ఆదివారం చిత్రకొండ వెళ్లి రేవులో మాట్లాడాం. వంతెన రాకముందు లాంచీ నడిపే సరంగుగా పనిచేసిన ఒక పెద్దాయన దొరికారు. అందరూ మౌసా (ఒడియాలో బాబాయి) అంటారు, మేమూ అలాగే పిలిచాం. దేశియాలో, అంటే ఇక్కడి ఒడియా యాసలో మాట్లాడతారు, తెలుగు బాగా అర్థమవుతుంది. మేము ఫోన్‌లో ఫొటో చూపిస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, వేలితో ఒక గీత గీశారు. ఆ గీత మేము గీసుకున్న గీత కన్నా బాగా పొడుగు. ఎందుకు మౌసా ఇంత చుట్టు అంటే, ఈ కింద మా మావయ్య వాళ్ల ఊరు ఉంది, చింతచెట్లు ఉన్నాయి, ఈ నెలలో వాటి తలలు తగులుతాయి అన్నారు. మునిగిన ఊరు ఆయనకి ఇంకా చెట్లతో సహా గుర్తు. మా దగ్గరున్న ఉపగ్రహం ఫొటో కన్నా ఆ గీతే నాకు పదింతలు ధైర్యం ఇచ్చింది. మా పడవ ఎవరిదైనా సరే, మౌసా అందులో ఉండాలని అక్కడికక్కడే అనుకున్నాం. ఆయన కూలి వేరే, పడవ అద్దె వేరే అని కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. ఇలాంటి వాళ్ల దగ్గర బేరం ఆడకూడదని నా అభిప్రాయం. వాళ్లు ఇచ్చేది ప్రాణాలకి భరోసా.

పడవ దగ్గరికి వస్తాను. ముందు ఒకతను ఫోన్‌లో చాలా తక్కువ ధర చెప్పాడు. లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి అని అడిగితే, నలుగురికి ఉన్నాయి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోండి అన్నాడు. మాట అక్కడితో ఆపేశాం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన సంగతి తెలుగువాళ్లం ఎవరం మర్చిపోలేదు. 2024 ఏప్రిల్‌లో ఝార్సుగుడా దగ్గర మహానదిలోనూ పడవ బోల్తా పడి ప్రాణాలు పోయాయి. నీళ్ల దగ్గర ఇద్దరికో ముగ్గురికో జాకెట్ లేకపోయినా పర్వాలేదు అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా వెనక్కి తిరిగి రావడమే మేలు.

చివరికి కుదిరింది ఫైబర్ పడవ. వెనక నలభై హార్స్‌పవర్ ఇంజను. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశమంతటికీ కలిపి కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. ఇంజనుతో నడిచే పడవలకి రిజిస్ట్రేషన్, తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి. అవి చూపించమని అడిగాం. యజమాని ఏమీ నొచ్చుకోకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న కాగితాలు తీసి ఇచ్చారు, మాకు అప్పుడే మనసు కుదుటపడింది. ఎనిమిది మందికి అనుమతి ఉన్న పడవ. మేము పిల్లలతో కలిపి ఆరుగురం, నడిపే అతను, మౌసా. అంటే సరిగ్గా నిండు. సామాను కూడా బరువే కదా అని బావగారు రానని గట్టున ఉండిపోతానన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. రెండు పూటలు కదా, ఒక పూట మా ఆయన, ఒక పూట బావగారు అని పంచుకున్నాం. అలా ఒక మనిషి బరువు రెండు పూటలూ తగ్గింది.

బావగారికి భీమిలిలో స్నేహితుల పడవల్లో సముద్రం మీద తిరిగిన అలవాటు ఉంది. చెరువులో ఏముంటుంది అన్నట్టే మొదట మాట్లాడారు. మంచినీళ్లలో పడవ సముద్రంలో కన్నా కొంచెం ఎక్కువ మునుగుతుంది, ఉప్పునీరు రెండున్నర శాతం బరువెక్కువ కాబట్టి అక్కడ పైకి ఎత్తి పట్టుకుంటుంది. అలలు కూడా వేరు. సముద్రం అల పొడుగ్గా వచ్చి పడవని లేపి దింపుతుంది. జలాశయంలో గాలి లేచినప్పుడు అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా వస్తాయి. చిన్న పడవలోకి నీళ్లు ఎగదోసేవి ఇవే. గాలి ఎంత పొడవు నీటి మీద అడ్డం లేకుండా వీస్తే అలలు అంత పెరుగుతాయి. కాబట్టి సరస్సు పొడవునా గాలి వీచే రోజు మధ్యలో నుంచి వెళ్లకుండా గట్టు చాటున వెళ్లాలి. ఇదంతా మౌసా ఆయనకి రేవులోనే చెప్పారు. బావగారు శ్రద్ధగా విన్నారు, తర్వాత మాకు కూడా వివరించారు.

ఎండాకాలపు ప్లాన్ మొత్తాన్నీ నడిపించేది మధ్యాహ్నం. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు కాలవైశాఖి గాలులు ఉంటాయి. పొద్దున్న ఆకాశం తేటగా ఉంటుంది, నీళ్లు కదలవు. పదకొండు తర్వాత తూర్పు కనుమల మీద మబ్బులు కట్టడం మొదలవుతుంది. రెండు, మూడు గంటలకి ఒక్కసారిగా చల్లగాలి కొడుతుంది, దాని వెనకే ఉరుము, పిడుగు, వాన. విశాలమైన నీటి మీద ఎత్తుగా ఉండేది పడవ ఒక్కటే. పిడుగుకి అంతకన్నా పెద్ద ప్రమాదం ఏముంటుంది. అందుకని మా లెక్క ఇలా పెట్టుకున్నాం: ఐదున్నరకల్లా వెలుతురు వస్తుంది, వెంటనే బయల్దేరాలి. పదిన్నరకి కాళ్లు గట్టు మీద ఉండాలి. ఎంత బాగున్నా, పిల్లలు ఎంత అడిగినా ఇంకో రౌండు లేదు. ద్వీపం మీద టెంట్ వేసుకుని రాత్రి ఉందామని అక్క కొడుకు ఒకటే పట్టు పట్టాడు. రాత్రి గాలి లేస్తే పడవ కట్టు తెంచుకుంటుంది, ఫోన్ సిగ్నల్ అన్ని చోట్లా ఉండదు. వద్దన్నాను. రాత్రి చిత్రకొండలో గది తీసుకుని, రెండు పొద్దుటి పూటలు నీళ్ల మీద గడపడం అని ఖాయం చేశాం.

వాతావరణానికి రెండు చూసుకున్నాం. ఒకటి వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే నౌకాస్ట్, అది వచ్చే మూడు గంటల వరకే చెబుతుంది, కానీ దాదాపు నిజమవుతుంది. గోపాల్‌పూర్‌లోనూ, విశాఖలోనూ ఉన్న రాడార్ల బొమ్మలు కూడా ఫోన్‌లో దొరుకుతాయి. రెండోది దామిని యాప్. మనం ఉన్న చోటుకి ఇరవై కిలోమీటర్లలో, నలభై కిలోమీటర్లలో పిడుగులు పడుతున్నాయా అని చూపిస్తుంది. ఇవి రెండూ సిగ్నల్ ఉన్నప్పుడే పనిచేస్తాయి కాబట్టి రేవులో చూసుకుని ఎక్కాలి. నీళ్ల మీదకి వెళ్లాక మౌసా కళ్లే ఆధారం.

పెట్రోలు లెక్క బావగారు వేశారు. నలభై హార్స్‌పవర్ ఇంజను నిండు వేగంలో గంటకు పదిహేను లీటర్ల దాకా తాగుతుంది. సగం వేగంలో నడిపితే ఎనిమిది, తొమ్మిది. ఒక పూటకి ఇంజను రెండు గంటలు నడుస్తుందనుకుంటే పద్దెనిమిది లీటర్లు. పడవల వాళ్లు పాటించే మూడు వంతుల పద్ధతి ఒకటి ఉంది: వెళ్లడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మూడో వంతు ముట్టుకోకూడదు. ఆ లెక్కన పూటకి ఇరవై ఏడు లీటర్లు. ఎదురుగాలి వస్తే, మోళ్లు తప్పించడానికి చుట్టు తిరిగితే ఆ మూడో వంతే ఆదుకుంటుంది. ఇంకో విషయం, ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇంజను బలం తగ్గుతుంది, 300 మీటర్లకి సుమారు మూడు శాతం. బలిమెలలో ఇది పెద్దగా తెలియదు. కొలాబ్‌లో, జోలాపుట్‌లో నిండా జనాన్ని ఎక్కిస్తే తెలుస్తుంది. ఒడిశాలో పెట్రోలు ధర ఎక్కువగా ఉండే జిల్లాల్లో మల్కన్‌గిరి ఒకటి కాబట్టి జయపురంలోనే కొన్నాం. బంకులో ప్లాస్టిక్ డబ్బాలో పోయడానికి ఒప్పుకోలేదు. అది సరైన మాటే. ఇనప జెర్రీ క్యాన్లు అద్దెకి తెచ్చి, కారులో నీడన, కిటికీలు దించి తీసుకెళ్లాం. మొత్తం ఖర్చులో పడవ అద్దె కన్నా పెట్రోలే ఎక్కువయింది.

జాకెట్ల గురించి ఎంత రాసినా తక్కువే. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్లలో పడగానే జాకెట్ పైకి, పిల్లాడు కిందికి జారిపోతారు. పిల్లల జాకెట్ బరువుని బట్టి తీసుకోవాలి, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉండాలి. పడవ యజమాని దగ్గర పెద్దవాళ్లవే ఉన్నాయి. చిన్నవి విశాఖలో కొని తెమ్మని అక్కకి చెప్పాను. తెచ్చాక మా వీధిలో ఉన్న చెరువులో, మొల లోతు నీళ్లలో పిల్లలకి వేసి తేలించి చూశాం. ఆడవాళ్లకి ఇంకో సమస్య. చీర కట్టుకుని జాకెట్ వేసుకోవచ్చు, కానీ తడిసిన చీర కాళ్లకి చుట్టుకుంటుంది. ఈత వచ్చినా కాళ్లు ఆడవు. అత్తయ్యని పంజాబీ డ్రెస్ వేసుకోమని అడగడానికి మొదట మొహమాటపడ్డాను. కారణం చెప్పాక ఆవిడే అక్కతో, నాకూ ఒకటి కుట్టించుకురా అమ్మా, వదులుగా ఉండాలి అని ఫోన్‌లో చెప్పారు.

బురద గట్టు సంగతికి మౌసానే ఉపాయం చెప్పారు. మెట్ల రేవు వదిలేసి, కొంచెం అవతల రాతి గట్టు ఉన్న చోట పడవ కట్టించారు. అక్కడ నీళ్లు ఎంత దిగినా కాలికి రాయే తగులుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పులిహోర, చేగోడీలు, మండియా పేజ్ (రాగి జావ). ఎండకి పెరుగన్నం నిలవదు, పెట్టుకోలేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. సరస్సు నీళ్లు తేటగా ఉన్నా పిల్లల చేత తాగించలేదు. పడవ మీద టాపు ఎండకి హాయి, గాలికి తెరచాపలా పట్టి పడవని పక్కకి వంచుతుంది. అందుకే మడవగలిగే టాపు ఉన్న పడవ అడిగాం. ఆడవాళ్లకి ఎక్కడ దిగి వెళ్లాలో రెండు చోట్లు ముందే మౌసా భార్యని అడిగి పెట్టుకున్నాను. దీని గురించి మగవాళ్లు ఆలోచించరు, మనమే అడగాలి. అత్తయ్య బీపీ మందులు రెండు సంచుల్లో. పడవలో ఉన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, వెళ్లే దారి, తిరిగొచ్చే వేళ రాసిన కాగితం ఒకటి గదిలో, ఒకటి పోలీస్ స్టేషన్‌లో, ఒకటి జయపురంలో మా మరిది దగ్గర. డ్యామ్ గోడ దగ్గరికి, నీళ్లు లాగే వైపుకి పడవ తీసుకెళ్లకూడదని కూడా ముందే చెప్పుకున్నాం.

మొదటి పూట గురుప్రియ వంతెన వైపు వెళ్లాం. నడిపే అతను ఇంజను ఆగిపోయే తాడు మణికట్టుకి తగిలించుకున్నాకే స్టార్ట్ చేశాడు. ఆ తాడు ఉంటే మనిషి జారి పడినా ఇంజను ఆగుతుంది, పడవ తనంతట తను తిరిగి మనిషి మీదకి రాదు. మౌసా ముందు భాగంలో గెడ పట్టుకుని కూర్చున్నారు. చేయి ఎత్తితే నెమ్మది, కుడికి చాపితే కుడి. నీళ్ల మీద తెల్ల సీసాలు తేలుతూ కనిపించాయి, అవి వలల గుర్తులు. ప్రతి వల చుట్టూ తిరిగి వెళ్లాం. వల తెగితే ప్రొపెల్లర్‌కి చుట్టుకోవడం ఒక నష్టం, ఒక కుటుంబం సంపాదన పోవడం అంతకన్నా పెద్ద నష్టం. మోళ్లు ఉన్న చోట ఇంజను పైకెత్తి తెడ్లు వేశారు. పిల్లలకి ఆ పది నిమిషాలే అన్నిటికన్నా నచ్చాయి, నీళ్లలో నిలువుగా నల్లటి కొమ్మలు కనిపిస్తుంటే గట్టిగా ఊపిరి కూడా తీయకుండా చూశారు.

వంతెన కిందికి వెళ్లేసరికి పైన ఒక బస్సు దాటుతోంది. మౌసా తల ఎత్తి చూస్తూ, దీనికి ముందు నేను కాన్పు కష్టమైన ఆడవాళ్లని అర్ధరాత్రి లాంచీలో ఈ నీళ్లు దాటించాను అన్నారు. ఎవరం ఏమీ మాట్లాడలేకపోయాం.

రెండో పూట ఉదయం ఏడు దాటాక గాలి కొంచెం తేడాగా అనిపించింది. మా ఫోన్లలో ఏ హెచ్చరికా లేదు. మౌసా మాత్రం కొండ మీద మబ్బు కూర్చున్న తీరు చూసి, ఈరోజు తొందరగా వస్తుంది, దగ్గరి పాయ వరకే వెళ్దాం అన్నారు. అక్క కొడుకు మొహం వాడిపోయింది, అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు. దగ్గరి పాయలో ఒక దిబ్బ దగ్గర ఆగాం. మౌసా, అత్తయ్య ఇద్దరూ చాలాసేపు ఆ చుట్టుపక్కల ఏ దారి ఎటు పోయేదో మాట్లాడుకున్నారు. ఆవిడ తెలుగులో, ఆయన దేశియాలో. సంతకి నడిచే దారి ఇటు, వాగు అటు, వాగు దాటే చోట పెద్ద బండ. ఆ బండ మీద కూర్చుని వాళ్ల నాన్నగారు బీడీ కాల్చేవారట. ఆ బండ ఇప్పుడు ఎన్ని అడుగుల లోతులో ఉంటుంది మౌసా అని అడిగారు అత్తయ్య. ఆయన గెడ నీళ్లలోకి దింపి చూపించారు, అందలేదు.

తొమ్మిదిన్నరకి గట్టుకి వచ్చేశాం. పన్నెండు కాకముందే గాలి లేచింది. రేవులో కట్టిన పడవలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. రేవు పక్క పాకలో కూర్చుని వాన చూశాం, వేడి వేడి బరా (గారెలు) తిన్నాం.

పిల్లల జాకెట్లు మౌసా దగ్గరే వదిలేశాం. అవతల గట్టున నాటు పడవల్లో వచ్చే పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్ల కొలతలు కూడా ఆయన్నే అడిగి రాసుకున్నాను. మా లేడీస్ క్లబ్బులో చెబితే ఇంకొన్ని కొనడానికి చాలామంది ముందుకొచ్చారు. విశాఖలో ఆర్డర్ ఇచ్చాం, దసరాకి చిత్రకొండ చేరతాయి. అప్పటికి వానలకి జలాశయం నిండుతుంది. మోళ్లన్నీ లోతుకి పోతాయి, ఈసారి మూసుకుపోయిన ఆ మూడో పాయ తెరుచుకుంటుంది. మౌసా మమ్మల్ని దసరా తర్వాత, చలి పెరగక ముందు రమ్మన్నారు. అత్తయ్య సంచి ఇప్పటినుంచే సర్దుకుంటున్నారు.